బ్యాండు వాద్యకారుని కొడుకు జాన్ ఫిలిప్ సూసా



జైపూర్‌లో గానీ, గోదావరిఖని గని కాలనీల్లో గానీ పెండ్లి ఊరేగింపు కదలాలంటే బ్యాండు మోగాలి. పంద్రాగస్టు కవాతుకూ బ్యాండే కావాలి. కానీ వాయించిన వాళ్ల పేరు ఎవరూ అడగరు. అలాంటి బ్యాండు వాద్యకారుని ఇంట పుట్టి ప్రపంచమంతా పేరు పొందిన అమెరికా సంగీతకారుడు సూసా జీవితాన్ని మన వార్షికోత్సవ సంచిక పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

సూసా 1854 నవంబర్ 6న వాషింగ్టన్ నగరంలో జన్మించారు. తండ్రి ఆంటోనియో మెరైన్ సైనిక బ్యాండులో ట్రాంబోన్ వాయించేవారు. తల్లి బవేరియా నుండి వలస వచ్చినావిడ. 13 ఏళ్ల వయసులో సూసా సర్కస్ బ్యాండుతో పారిపోవాలని చూశారు. తండ్రి ఆయనను 1868లో తన బ్యాండులోనే అప్రెంటిస్‌గా చేర్పించారు. మనం హాస్టల్‌లో ఎనిమిదో తరగతి చదివే వయసులో ఆయన సర్కారు నీడన పని నేర్చుకున్నారన్నమాట. 1875లో బయటికొచ్చి నాటకశాలల్లో వయొలిన్ వాయించారు. 1880లో అదే బ్యాండుకు నాయకుడిగా తిరిగొచ్చారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లే. 12 ఏళ్లపాటు ఐదుగురు అధ్యక్షుల కాలంలో ఆ బ్యాండును నడిపారు.

1889లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టింది. బహుమతి ప్రదాన సభ కోసం సూసా ఒక మార్చ్, అంటే కవాతు నడకకు తగిన బాణీ, కట్టారు. అది అమెరికా దాటి యూరప్‌లోనూ మోగింది. జనం దానికి టూ స్టెప్ నాట్యం చేశారు. కానీ సూసా దాని హక్కులను 35 డాలర్లకే అమ్ముకున్నారు. లాభమంతా ప్రచురణకర్తకు పోయింది. ఆ తర్వాత ఆయన తన రచనలకు రాయల్టీ తీసుకోవడం మొదలుపెట్టారు.

1892లో సొంత బ్యాండు స్థాపించారు. 1896 చివర యూరప్ నుండి ఓడలో తిరిగి వస్తుండగా మనసులో మెదిలిన బాణీని క్రిస్మస్ నాడు కాగితం మీద పెట్టారు. అదే స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్. అందులో చివరి భాగంలో ప్రధాన బాణీ సాగుతుండగా పైన చిన్న పిల్లనగ్రోవి లాంటి పికలో, కింద ట్రాంబోన్లు వేరే వరుసలు వాయిస్తాయి. మూడూ ఒకదానినొకటి చెడగొట్టవు. 1987లో అది అమెరికా జాతీయ మార్చ్ అయింది.

గ్రామఫోన్ కంపెనీలు పాటలు అమ్ముకుంటూ రచయితకు పైసా ఇవ్వని రోజులవి. 1906లో సూసా అమెరికా చట్టసభ ముందు దీనిపై వాదించారు. 1909 చట్టం ఒక్కో రికార్డుకు రెండు సెంట్లు ఇవ్వాలన్నది. మొదటి ప్రపంచయుద్ధంలో, 62 ఏళ్ల వయసులో, నౌకాదళంలో చేరి కుర్రవాళ్లకు బ్యాండు నేర్పారు. 130కి పైగా మార్చ్‌లు రాసి, 1932 మార్చి 6న రీడింగ్ పట్టణంలో, రిహార్సల్ ముగించిన తర్వాత కన్నుమూశారు.

సోదరులారా! డప్పు, సన్నాయి, బ్యాండు తెలిసిన పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. ఆ విద్యను చెప్పుకోవడానికి సిగ్గుపడవద్దు. వారి దగ్గర నేర్చుకుందాం. పనికి తగిన కూలి అడుగుదాం. చదువుకున్న మనం, మన పెద్దలు ఏ కాగితం మీద వేలిముద్ర వేసే ముందైనా దానిని చదివి వినిపిద్దాం.