గాలికి లెక్క కట్టిన ఇంజనీరు: ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్

తుపాను అంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవాళ్ళం. గాలికి రేకు మధ్యకు చిరగటం తక్కువ. హుక్కు ఊడి రేకు రేకంతా లేచిపోవటమే ఎక్కువ. ఏ కట్టడమైనా సామాన్యంగా ఓడిపోయేది అతుకు దగ్గరే. ఈ గాలి సంగతి, అతుకుల సంగతి జన్మంతా పట్టుకుని, ఒకనాటికి ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనాన్ని నిలబెట్టిన మనిషి ఒకరున్నారు. ఇంజనీరింగు చదివే మన పిల్లలకు ఆ పేరు తెలియాలి.

ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ గారు 1929 ఏప్రిల్ 3న ఢాకాలో పుట్టారు. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ గారు లెక్కల మాస్టారు, తరువాత కాలేజీ ప్రిన్సిపాలుగా చేశారు. కొడుకు కలకత్తా దగ్గర శిబ్‌పూర్ ఇంజనీరింగు కాలేజీలో చేరారు. చదువు ముగియవచ్చే సమయానికి, 1950లో, కలకత్తాలో మత కలహాలు చెలరేగాయి. ఇల్లు చేరుకుని మిగతా పరీక్ష ఢాకాలో ఇచ్చి మొదటి తరగతిలో నెగ్గారు. 1952లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్ళి, ఇల్లినాయ్ యూనివర్సిటీలో మూడేళ్ళలో రెండు మాస్టర్ డిగ్రీలు, ఒక డాక్టరేటు సంపాదించారు. తిరిగి వచ్చి కరాచీలో ఉద్యోగం చేశారు గానీ అక్కడ తన చదువుకు తగిన పని దొరకలేదు. 1960లో మళ్ళీ షికాగో వెళ్ళి స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ కంపెనీలో స్థిరపడ్డారు. ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహం గారితో జత కుదిరింది అక్కడే.

అప్పటిదాకా ఎత్తు మేడ అంటే లోపలంతా పిల్లర్లు, బీములు. ఇంటి బరువు మోయటానికి ఉక్కు ఎలాగూ కావాలి. అంతస్తులు పెరిగే కొద్దీ గాలికి తట్టుకోవటానికి పైన ఇంకా ఇంకా ఉక్కు కావలసివచ్చేది. నలభై, యాభై అంతస్తులు దాటితే ఖర్చు గిట్టేది కాదు. ఖాన్ గారు పిల్లర్లను బయటి గోడలోకి జరిపి దగ్గర దగ్గరగా నిలిపారు. భవనం మొత్తం ఒక వెదురు బొంగులా నిలబడింది. బొంగు లోపల గుల్లే కదా, బలమంతా పైపొరలోనే వుంటుంది. 1966లో పూర్తయిన 43 అంతస్తుల డివిట్-చెస్ట్‌నట్ అపార్టుమెంట్లు ఈ పద్ధతిలో కట్టినవే. కాంక్రీటు కట్టడం, ఐదున్నర అడుగులకొక పిల్లరు.

తరువాతది నూరంతస్తుల జాన్ హాన్‌కాక్ సెంటరు. నాలుగు ముఖాల మీదా పెద్ద పెద్ద ఇంటూ గుర్తుల్లాగా ఏటవాలు కమ్మీలు కనిపిస్తాయి. అవి అందానికి పెట్టినవి కావు. గాలి తోపును నేలకు దించుతూ, బరువును పిల్లర్లన్నిటికీ పంచుతాయి. ఏటవాలు కమ్మీ, పిల్లరు, బీము కలిసే కూడలి ఒక్కొక్కటీ పెద్ద సమస్యే. ఆ కూడళ్ళను దళసరి ప్లేట్లతో ఫ్యాక్టరీలోనే వెల్డింగు చేయించి, పైకెత్తాక బోల్టులతో బిగించారు. 1966లో పునాది కైసన్ ఒకదానిలో కాంక్రీటు మధ్య ఖాళీ వున్నట్టు బయటపడటంతో పని ఆపి అన్నిటినీ పరీక్షించవలసి వచ్చింది. 1969లో పూర్తయిన ఈ భవనానికి పట్టిన ఉక్కు చదరపుటడుగుకు సుమారు 13.5 కిలోలు. పాత పద్ధతిలో అయితే ఇంతకంటె తక్కువ అంతస్తులవాటికే అంత ఉక్కు సరిపోయేదన్నమాట! 1931లో కట్టిన ఎంపైర్ స్టేట్ భవనానికి సుమారు 19 కిలోలు పట్టింది.

మేడ కూలకపోతే చాలదు, ఊగినట్టు లోపలివాళ్ళకు తెలియకూడదు కదా. ఎంత ఊపు మనిషికి తెలుస్తుందో చూడటానికి ఒక మ్యూజియంలో తిరిగే వేదిక మీద మనుషులను వుంచి పరీక్షలు చేయించారు.

1974లో పూర్తయిన సియర్స్ టవర్ 110 అంతస్తులు, 1,450 అడుగులు. డెబ్బై అయిదేసి అడుగుల చదరపు బొంగులు తొమ్మిదింటిని కట్టగట్టినట్టు వుంటుంది. 50వ అంతస్తు దగ్గర రెండు, 66 దగ్గర రెండు, 90 దగ్గర మూడు ఆగిపోగా చివరికి పోయేవి రెండే. 1998 దాకా ప్రపంచంలో ఎత్తయిన భవనం అదే. 2009లో పేరు విల్లిస్ టవర్‌గా మార్చారు.

నన్నడిగితే ఎత్తుకంటె అందులోని అతుకే గొప్పది. గాలి తోసినప్పుడు పిల్లర్ల మధ్య బీము ఎస్ అక్షరంలా వంగుతుంది. వంపు బలం పిల్లరు దగ్గర ఎక్కువ, సరిగ్గా మధ్యలో దాదాపు సున్న. కనుక రెండంతస్తుల పిల్లరునూ, దానికి అటూ ఇటూ సగం సగం బీములనూ కలిపి కొమ్మలున్న చెట్టులాగా ఫ్యాక్టరీలోనే వెల్డింగు చేయించారు. పైన, ఎముకలు కొరికే చలిలో చేయవలసింది బీముల మధ్య బోల్టులు బిగించటం మాత్రమే. కష్టమైన అతుకు నీడపట్టున తీరుబడిగా జరిగింది, తేలికది ఆకాశంలో జరిగింది.

శ్రీకాకుళంనుంచి అరసవల్లి వెళ్ళే దారిలో ఇప్పుడు లేస్తున్న మేడలు కాంక్రీటువి, మనకు చెట్టూ కొమ్మలూ లేవు. కాని బలం ఎక్కువ కావలసింది ఇక్కడా పిల్లరు, బీము కలిసేచోటే. కమ్మీలన్నీ అక్కడే గుమిగూడి చెయ్యి దూరదని, కొందరు మేస్త్రీలు ఆ కూడలిలో రింగులు కట్టకుండా వదిలేస్తారు. కాంక్రీటు పోశాక అది ఎవరికీ కనిపించదు. ఇల్లు కట్టించేవారు స్లాబుకు ముందురోజు మేడెక్కి ఆ ఒక్కటి చూసుకోండి. అరసవల్లి గుడి కట్టినవారు సూర్యకిరణం ఏ దారిన లోపలికి వస్తుందో లెక్క చూసుకునే రాళ్ళు పేర్చారు కదా.

1971లో తూర్పు బెంగాల్ కష్టాల్లో వున్నప్పుడు ఖాన్ గారు షికాగోలో సంఘాలు పెట్టి సహాయ నిధి సేకరించారు, అమెరికా ప్రభుత్వానికి తమవారి గోడు వినిపించారు.

ఉక్కుతో పేరు తెచ్చుకున్న మనిషి చివరికి గుడ్డతో కట్టారు. జిద్దా విమానాశ్రయంలో దిగిన మన హాజీలు చూసే వుంటారు, తెల్లని గుడారాల వరస. 1981లో తెరిచిన ఆ హజ్ టెర్మినల్‌లో 45 మీటర్ల చదరంగా 210 గుడారాలున్నాయి. టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఎండ వేడిలో చాలా భాగం తిప్పికొడుతుంది. వేడిగాలి గుడారం కొసన వున్న కంతలోంచి పైకి పోతుంది. అంత జనానికీ ఏసీ యంత్రాలు లేకుండానే నీడ దొరికింది. ఇక్కడా మోసేవి స్తంభాలు, ఉక్కు తాళ్ళు, వాటికి గుడ్డను కలిపే అతుకులే.

1982 మార్చి 27న ఆ జిద్దాలోనే గుండెపోటుతో ఖాన్ గారు మరణించారు. ఇంకో వారానికి 53 ఏళ్ళు నిండేవి. హజ్ టెర్మినల్‌కు 1983లో ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. ఆయనను షికాగోలోని గ్రేస్‌లాండ్ శ్మశానంలో ఖననం చేశారు. 2010లో పోయిన గ్రాహం గారి సమాధి కూడా అక్కడే వుంది.