సరస్సుల శాస్త్రజ్ఞుడు అన్నండేల్

మాది రంపచోడవరం పక్క పల్లె. భూపతిపాలెం రిజర్వాయరు నీళ్లంటే మాకు పొలానికి తడి, పశువులకు దాహం, అంతే. ఆ నీళ్లలోనూ ఒక శాస్త్రం ఉందని డాక్టర్ నెల్సన్ అన్నండేల్ జీవితం చదివాకే నాకు తెలిసింది.

అన్నండేల్ 1876లో ఎడింబరోలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డులో చదివాడు. కుర్రతనంలోనే ఉత్తర ధ్రువ వలయానికి చేరువలోని ఐస్‌లండు, ఫారో దీవులు తిరిగి, 1905లో వాటిపై పుస్తకం వెలువరించాడు. 1904లో కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉద్యోగానికి వచ్చి, 1907లో సూపరింటెండెంటయ్యాడు.

సీసాల్లో ప్రాణుల్ని దాచిపెట్టి ఊరుకునే మనిషి కాడు. స్టాన్లీ కెంప్‌తో కలిసి చిలికా సరస్సును శోధించాడు. దాని దక్షిణ భాగం అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. వానాకాలంలో తియ్యబడి, వేసవిలో ఉప్పెక్కే ఆ నీటిలో ఏ ప్రాణి ఎలా నెగ్గుకొస్తుందో చూశాడు. బర్మాలోని ఇన్లే, జపానులోని బీవా, పాలస్తీనాలోని టైబీరియస్ సరస్సులనూ పరిశీలించాడు.

1911లో మంచినీటి స్పంజికల మీద గ్రంథం రాశాడు. స్పంజిక గడ్డుకాలం రాబోతుంటే జెమ్యూల్స్ అనే గట్టి గుళికలు కట్టి, తాను చచ్చిపోతుంది. శీతల దేశాల సరస్సుల్లో ఆ గుళికలు మంచు కింద చలికాలం గడుపుతాయి. మన చెరువుల్లో ఎండిన బురదలో వేసవి గడుపుతాయి. మళ్లీ అదను రాగానే మొలుస్తాయి. మా నాన్న విత్తనాలు దాచడం లేదూ? అదే ఇది!

ఆయన పట్టుదలతోనే 1916 జూలై 1న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. తొలి డైరెక్టరు ఆయనే. కొండవాగుల చేపల మీద పేరుగాంచిన సుందర్‌లాల్ హోరా ఆయన దగ్గర పనిచేసినవాడే.

ఒక మాట దాచకూడదు. ఆయన మనుషుల తలలూ కొలిచాడు. కలకత్తా ఆంగ్లో ఇండియన్ల కొలతలను మహలనోబిస్‌కు ఇస్తే, 1922లో ఆయన వాటిపై వ్యాసం రాశాడు. గణాంకశాస్త్రానికి దాంతో మేలే జరిగింది. కానీ కొలిపించుకున్నవాళ్లు ఏమనుకున్నారో ఆ అంకెల్లో కనబడదు. ఏజెన్సీలో పుట్టినవాణ్ణి కనుక అది నాకు గుచ్చుకుంటుంది.

1924 ఏప్రిల్‌లో, నలభై ఎనిమిదేళ్లయినా నిండకుండానే, కలకత్తాలో కన్నుమూశాడు.

ఎక్కడి ఎడింబరో, ఎక్కడి చిలికా! అంత దూరం నుంచి వచ్చి ఆయన మన బురదలో దిగాడు. మిత్రులారా, మనం రికార్డు బుక్కులో స్పంజిక బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంటున్నాం గానీ, సీతపల్లి వాగులో రాయి తిరగేసి చూసినవాళ్లం ఎంతమందిమి? ఈ సెలవులకు నేను దిగుతాను. మీరూ రండి.