పూటకూళ్ళ ఇంటి దీపం

పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజులు. ఇప్పటిలా వీధికో హోటలు లేని కాలం. కోర్టు పని మీదో కచేరీ పని మీదో పరాయి ఊరు వెళ్ళినవారు భోజనానికి పూటకూళ్ళ ఇల్లు వెతుక్కునేవారు. డబ్బు తీసుకొని పూటకు ఇంత అన్నం పెట్టే ఇల్లే పూటకూళ్ళ ఇల్లు. దాన్ని నడిపేవారిలో చాలామంది దిక్కులేని ఆడవాళ్ళు. అన్నం తిన్నవారే ఆ తరువాత వారిని చులకనగా మాట్లాడేవారు. డబ్బు తీసుకొని అన్నం పెట్టడం పరువు తక్కువ పని అని లోకం అనుకునేది.

ఒంగోలులో అటువంటి పూటకూళ్ళ ఇల్లు ఒకటి ఉండేది. దాన్ని నడిపిన ఆమె పేరు సుబ్బమ్మ. ఆమె కొడుకుల్లో ఒకడు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయ్యాడు. ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కూడా ఆయనే. తెలుగువారు ఆయనను ఆంధ్రకేసరి అని పిలుచుకున్నారు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులు.

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలుకు సమీపంలోని వినోదరాయునిపాలెంలో పుట్టాడు. తండ్రి గోపాలకృష్ణయ్య. ప్రకాశానికి పదకొండేళ్ళ వయసులో తండ్రి చనిపోయాడు. పెద్ద సంసారం. ఆస్తి లేదు. ఇంటి బరువంతా ఒక్కసారిగా సుబ్బమ్మ మీద పడింది. బంధువుల పంచన చేరి వారి దయమీద బతకడం ఆనాటి వితంతువులకు తెలిసిన దారి. సుబ్బమ్మ ఆ దారి పట్టలేదు. ఆమెకు చదువు లేకపోయినా వంట వచ్చు. కష్టపడే చేతులున్నాయి. ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది.

ఆ ఇంటి పని ఎంతో ఊహించండి. తెల్లవారకముందే లేవాలి. బావి నుంచి నీళ్ళు తోడి తేవాలి. బియ్యం చెరగాలి, పప్పు విసరాలి, పచ్చళ్ళు నూరాలి. కట్టెల పొయ్యి ముందు పొగలో కూర్చొని పదిమందికి వండాలి. విస్తళ్ళు వేసి వడ్డించి, తీసి, మళ్ళీ రాత్రి వంటకు సిద్ధం కావాలి. ఇంతా చేస్తే మిగిలేది కొద్ది. భోజనానికి వచ్చినవారి ముందు విస్తరి నిండుగా ఉండాలి. సొంత ఇంటి ఖర్చు మాత్రం చిల్లికాసు వరకు చూసుకోవాలి. ఈ రెండూ తెలియకపోతే పూటకూళ్ళ ఇల్లు నిలవదు. సుబ్బమ్మకు రెండూ తెలుసు. దుబారా చేయకపోవడం వేరు, పిసినారితనం వేరు అన్న సంగతి ప్రకాశం బడిలో కాదు, ఆ వంటింట్లోనే నేర్చుకున్నాడు.

అంత కష్టంలోనూ ఆమె పిల్లల చదువు మానిపించలేదు. ఒకసారి ప్రకాశం పరీక్ష ఫీజు కట్టవలసి వచ్చింది. అది మూడు రూపాయలు. ఆ ఇంట్లో మూడు రూపాయలు లేవు. అడిగిన చోట అప్పు పుట్టలేదు. గడువు దగ్గర పడింది. చివరికి సుబ్బమ్మ తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. తరువాతి కాలంలో ప్రకాశం వేల రూపాయలు సంపాదించారు, వేల రూపాయలు వదులుకున్నారు. కానీ ఆ మూడు రూపాయలను మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. ముసలితనంలో రాసుకున్న ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో చిన్ననాటి పేదరికాన్ని ఏమాత్రం దాచకుండా చెప్పారు.

ప్రకాశం దిగులుగా మూల కూర్చునే పిల్లవాడు కాడు. ఆటల్లో ముందు, అల్లరిలో ముందు, నాటకాల్లో ఇంకా ముందు. ఆ రోజుల్లో నాటకాలలో ఆడవేషాలు మగపిల్లలే వేసేవారు. ప్రకాశం గొంతు బాగుంటుంది, రూపం బాగుంటుంది. ఆడవేషం కడితే చూసేవారు మెచ్చుకునేవారు. ఇంట్లో రేపటి బియ్యానికి వెతుకులాట ఉన్నా, సాయంత్రం రంగస్థలం ఎక్కేసరికి ఆ పిల్లవాడి ముఖంలో ఆ దిగులు కనిపించేది కాదు.

నాటకాలే అతనికి ఒక ఆప్తుణ్ణి సంపాదించి పెట్టాయి. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు. మిషన్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. నాటకాలంటే ప్రాణం. ప్రకాశంలోని చురుకుదనం చూసి ఆయన చేరదీశాడు. ఫీజు లేకుండా చదువు సాగే ఏర్పాటు చేశాడు. ఆయన రాజమండ్రికి మారినప్పుడు ప్రకాశాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాడు. కులం వేరు, ఇల్లు వేరు. అయినా కన్నబిడ్డలా చూసుకున్నాడు. తల్లి పొయ్యి ముందు కష్టపడి నిలబెట్టిన చదువును ఈ గురువు ముందుకు నడిపించాడు. రాజమండ్రిలో చదువు ముగించి, మద్రాసు వెళ్ళి ప్లీడరు పరీక్ష ప్యాసై ప్రకాశం న్యాయవాది అయ్యాడు. ఆనాటికే హనుమాయమ్మతో వివాహం జరిగింది.

రాజమండ్రిలో ప్రకాశం పంతులు వకాల్తా బాగా సాగింది. ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా కూడా ఎన్నికయ్యారు. కానీ ఆయన చదివింది రెండో తరగతి ప్లీడరు చదువు. కింది కోర్టులలో వాదించడానికే తప్ప హైకోర్టులో వాదించడానికి అది పనికిరాదు. ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు కావాలని ఆయన నిశ్చయించుకున్నారు. సముద్రం దాటితే కులం చెడుతుందని పెద్దలు భయపెట్టే రోజులవి. సుబ్బమ్మ కొడుకును ఆపలేదు. మాంసం, మద్యం, పొగ ముట్టనని మాట తీసుకొని పంపింది. 1904లో వెళ్ళిన పంతులు చలిదేశంలో ఆ మాట నిలబెట్టుకొని, బారిస్టరై 1907లో తిరిగి వచ్చారు.

తరువాత పద్నాలుగేళ్ళు మద్రాసు హైకోర్టులో ఆయన పేరు మారుమోగింది. తెలుగు బారిస్టర్లలో ఆయనది ముందు వరుస. సంపాదన లెక్కకు మించి వచ్చింది. ఆస్తులు కొన్నారు. పెద్ద ఇల్లు, నౌకర్లు, వచ్చేపోయే అతిథులు. పూటకూళ్ళ ఇంట పెరిగిన ఆయనకు పదిమందికి అన్నం పెట్టడం కొత్త కాదు. ఒకప్పుడు ఆ ఇంట్లో డబ్బు పుచ్చుకొని పెట్టారు, ఇప్పుడు పుచ్చుకోకుండా పెట్టారు. అంతే తేడా.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే, పేదవాడు ధనవంతుడైన కథ అయ్యేది. అటువంటి కథలు లోకంలో చాలా ఉన్నాయి. ప్రకాశం పంతులు కథ గొప్పది కావడానికి కారణం ఆ తరువాత జరిగినది.

1921లో గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం సాగుతున్నది. న్యాయవాదులు కోర్టులు విడిచిపెట్టాలని పిలుపు వచ్చింది. పంతులు బారిస్టరు వృత్తిని వదిలేశారు. ఆ ఏడాదే మద్రాసులో 'స్వరాజ్య' అనే ఇంగ్లీషు దినపత్రికను స్థాపించారు. తరువాత తెలుగులోనూ తమిళంలోనూ కూడా దాన్ని నడిపారు. ప్రభుత్వాన్ని ధిక్కరించే పత్రికకు ప్రకటనలు సరిగా రావు. పెట్టుబడి పెట్టేవారు జంకుతారు. కాగితానికీ అచ్చుకూలికీ జీతాలకూ ప్రతి నెలా డబ్బు కావాలి. పంతులు తన ఆస్తులను ఒక్కొక్కటిగా ఆ పత్రికకే ధారపోశారు. పత్రిక పదేళ్ళకు పైగా నడిచింది. అది ఆగిపోయేనాటికి ఆయన సంపాదన కూడా కరిగిపోయింది.

సంపాదన లేని కాలంలో పొదుపుగా బతకడం ఎవరికైనా తప్పదు. సంపన్నుడై ఉండి పేదరికాన్ని కోరి తెచ్చుకోవడం వేరు. పంతులు దాన్ని ఒక త్యాగమని చెప్పుకోలేదు. పోయిన ఆస్తిని తలచుకొని చింతించలేదు. చిన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే తిరిగి వచ్చారు. పేదరికం ఆయనకు పాత చుట్టం. దాని ముఖం చూసి భయపడే అవసరం లేకపోయింది.

అయితే ఒక సంగతి చెప్పక తప్పదు. సుబ్బమ్మకు ఉన్న లెక్క ఆమె కొడుక్కు అబ్బలేదు. తన కోసం తక్కువ ఖర్చు పెట్టడం ఆయనకు తెలుసు. రేపటి కోసం దాచడం తెలియదు. చేతిలో ఉన్నది అడిగినవారికి ఇచ్చేవారు. అటువంటివారి ఇంట్లో కష్టం మొదట తగిలేది ఇల్లాలికి. దేశానికి పంతులు ఇచ్చిన దానిలో హనుమాయమ్మ వాటా కూడా ఉంది. చరిత్ర పుస్తకాలు ఆమె పేరును అరుదుగా తలుచుకుంటాయి.

డబ్బు పోయినా పంతులు ధైర్యం పోలేదు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా మద్రాసులో జనం వీధుల్లోకి వచ్చారు. హైకోర్టు సమీపంలో పోలీసులు కాల్పులు జరిపారు. ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూడటానికి వెళ్ళబోయిన పంతులుకు పోలీసులు తుపాకులు అడ్డుపెట్టారు. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు. చొక్కా గుండీలు విప్పి, రొమ్ము చూపి, కాల్చమని ముందుకు నడిచారు. తుపాకులు తొలిగాయి. ఆనాటి నుంచి ఆయన ఆంధ్రకేసరి. చేతిలో కానీ లేని మనిషిని, పోగొట్టుకోవడానికి భయపడని మనిషిని, తుపాకీ ఏం చేయగలదు?

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. క్విట్ ఇండియా ఉద్యమంలో 1942లో మళ్ళీ జైలుకు వెళ్ళినప్పుడు ఆయనకు డెబ్బై ఏళ్ళు. మూడేళ్ళు నిర్బంధంలోనే గడిచాయి. 1945లో బయటికి వచ్చిన ముసలివాడు విశ్రాంతి కోరలేదు. ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు.

పదవులు ఆయన దగ్గరికి వచ్చాయి, పోయాయి. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యారు. జమీందారీల సంగతి విచారించే సంఘానికి అధ్యక్షత వహించి రైతుల పక్షాన నిలబడ్డారు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. ఏడాది తిరగకముందే సొంత పార్టీవారే ఆయనను దించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం కొత్త రాష్ట్రానికి రాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా తాను బతికిన నగరాన్ని విడిచి, ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో పంతులు కర్నూలు చేరి ముఖ్యమంత్రిగా బాధ్యత తీసుకున్నారు. అక్కడ కచేరీలకు చాలినన్ని భవనాలు లేవు. గుడారాలు వేసి ప్రభుత్వం నడిపారు. చిన్న ఇంట్లో పెద్ద సంసారం నడపడం ఆయన తల్లి దగ్గర చూసినదే. ఆ కొద్ది కాలంలోనే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. విజయవాడ దగ్గర కృష్ణపై కొత్త బ్యారేజీ పని మొదలైంది. ఆ బ్యారేజీకి తరువాత ఆయన పేరే పెట్టారు.

1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. ఎనభై రెండేళ్ళ వయసులో ఓడిపోయినవారు సాధారణంగా వాకిట్లో వాలుకుర్చీ వేసుకొని లోకాన్ని తిట్టుకుంటూ కూర్చుంటారు. పంతులు అలా కూర్చోలేదు. చేతిలో పదవి లేదు, ఇంట్లో ధనం లేదు. అయినా పిలిచిన ఊరికల్లా వెళ్ళారు. 1957లో మండు వేసవిలో ఒంగోలు సమీపంలోని ఒక హరిజనవాడకు వెళ్ళినప్పుడు వడదెబ్బ తగిలింది. హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చారు. మే 20న ఆయన కన్నుమూశారు. పుట్టిన ఊరి దాపుననే ఆయన చివరి ప్రయాణం సాగింది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

మద్రాసు వీధులు, రాజమండ్రి గోదావరి గట్టు, కర్నూలు గుడారాలు - పంతులు ఎక్కడ ఉన్నా అది ఆయన ఊరే. ఏ రాష్ట్రంలో ఉన్న తెలుగు పిల్లలకైనా ఆయన తమవాడే.

ఆయన తన పిల్లలకు ఆస్తి మిగల్చలేదు. తల్లి కూడా ఆయనకు ఆస్తి మిగల్చలేదు. ఆమె ఇచ్చినవి రెండే. ఒకటి, పని చేసి బతకడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదన్న నమ్మకం. రెండోది, లేమిలోనూ ముఖం చిన్నబుచ్చుకోని స్వభావం. ఈ రెంటినీ ఆయన ఏ అప్పుల్లోనూ తాకట్టు పెట్టలేదు. సుబ్బమ్మ ఒకనాడు తాకట్టు పెట్టిన పట్టుచీర ఆమెకు తిరిగి వచ్చిందో లేదో గాని, దాని విలువ మాత్రం తెలుగువారందరికీ దక్కింది.