బంతి వదిలినా పోరు వదలని పాల్ రోబ్సన్

హాస్టల్ గోడల మీద మనం సినిమా హీరోల బొమ్మలు, ఆటగాళ్ల బొమ్మలు అంటించుకుంటాం. ఆ రెండూ తానే అయిన ఒక మనిషి గురించి ఈ సంచికలో చెప్పాలనుకున్నాం. ఆయన పేరు పాల్ రోబ్సన్.

1898 ఏప్రిల్ 9న అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తండ్రి పుట్టుకతో బానిస. పదిహేనేళ్ల వయసులో యజమాని దగ్గర నుంచి పారిపోయి, చదువుకుని పాస్టర్ అయ్యాడు. పాల్‌కు ఆరేళ్లప్పుడు తల్లి ఇంట్లో నిప్పంటుకుని చనిపోయింది.

1915లో పోటీ పరీక్షలో స్కాలర్‌షిప్ గెలిచి రట్గర్స్ కాలేజీలో చేరాడు. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఉంది. అది రగ్బీ నుంచి పుట్టిన ఆట. సెలక్షన్ మొదటి రోజే తెల్ల ఆటగాళ్లు కావాలని మీద పడి కొట్టారు. ముక్కు విరిగింది, భుజం జారింది. పది రోజులు మంచం మీదే ఉన్నాడు. తాను వెనక్కి తగ్గితే తన వెనక వచ్చే నల్లపిల్లలందరికీ తలుపు మూసుకుపోతుందని మళ్లీ మైదానానికి వెళ్లాడు. ఈసారి ఒకడు మేకుల బూటుతో చేయి తొక్కాడు. పాల్ ఎదురుపడ్డవాళ్లను తోసుకుంటూ పోయిన తీరు చూసి కోచ్ అక్కడికక్కడే జట్టులోకి తీసుకున్నాడు. 1917, 1918లలో దేశంలోని మేటి ఆటగాళ్ల జట్టులో ఆయన పేరు ఉంది. 1919లో పట్టా పుచ్చుకున్న రోజున తన తరగతి తరఫున ప్రసంగించిందీ ఆయనే.

తర్వాత లా చదువు ఖర్చుల కోసం 1921, 1922లలో ప్రొఫెషనల్ జట్లకు ఆడాడు. లాయర్ ఆఫీసులో చేరితే, నల్లవాడు చెబితే రాసుకోనని తెల్ల స్టెనో మొండికేసింది. ఆ ఉద్యోగం వదిలేశాడు. భార్య ఎస్లాండా ప్రోత్సాహంతో నాటకాల్లోకి, 1925లో సినిమాల్లోకి వచ్చాడు. 1936లో వచ్చిన షో బోట్‌లో మిసిసిపీ నది మీద ఆయన పాడిన పాట ప్రపంచమంతా మారుమోగింది. మన భూపేన్ హజారికా గంగను నిలదీసే పాటకు ప్రేరణ అదే.

అయినా తన జాతిని చిన్నబుచ్చే పాత్రలను ఆయన భరించలేకపోయాడు. 1942లో వచ్చిన చివరి హాలీవుడ్ సినిమాను తానే బహిరంగంగా తప్పుపట్టి, సినిమాలకు దూరమయ్యాడు. మరుసటి ఏడాది బ్రాడ్‌వేలో ఒథెల్లోగా 296 ప్రదర్శనలు ఇచ్చాడు.

జాతి వివక్షను ఎదిరించినందుకు, సోవియట్ దేశాన్ని మెచ్చుకున్నందుకు 1950లో ప్రభుత్వం పాస్‌పోర్టు లాక్కుంది. కచేరీలు ఆగిపోయాయి, ఆదాయం పడిపోయింది. 1957లో వేల్స్ గని కార్మికులు పిలిస్తే టెలిఫోన్ తీగ గుండానే సముద్రం దాటించి పాట వినిపించాడు. 1958లో పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. ఆ ఏడాదే మన దేశంలోనూ ఆయన అరవయ్యో పుట్టినరోజు జరిపారు.

1976 జనవరి 23న కన్నుమూశాడు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చింది మాత్రం 1995లో!

మిత్రులారా, స్కాలర్‌షిప్‌తో చదవడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త కాలేజీలో మొదటి రోజు ఎవరైనా చిన్నచూపు చూస్తే, విరిగిన ముక్కుతో తిరిగి మైదానంలోకి నడిచిన ఈ పాల్‌ను తలచుకుందాం. మన వెనక రావలసిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకా ఎందరో ఉన్నారు.