ఎర్నెస్ట్ రోహ్మ్

ఎర్నెస్ట్ రోహ్మ్ (నవంబరు 28, 1887 – జూలై 1, 1934) జర్మనీకి చెందిన సైనికాధికారి, నాజీ పార్టీ నాయకుడు. ఆ పార్టీ ప్రైవేటు సైన్యమైన తుఫాను దళానికి (ఎస్ఏ) అధిపతిగా, అడాల్ఫ్ హిట్లర్ అధికారంలోకి రావడానికి ముఖ్య కారకులలో ఒకడు. అధికారం దక్కిన ఏడాదిన్నర లోపే హిట్లర్ ఆదేశంపై హతుడయ్యాడు.

తొలి జీవితం

రోహ్మ్ మ్యూనిక్ నగరంలో ఒక రైల్వే ఉద్యోగి కుటుంబంలో జన్మించాడు. 1906లో బవేరియా సైన్యంలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914లో ముఖానికి తీవ్ర గాయమైంది. 1916లో వెర్డూన్ వద్ద మరల గాయపడ్డాడు.

1919 నాటి వెర్సాయి సంధి జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసింది. ఉపాధి కోల్పోయిన సైనికులు అనేకులు ఫ్రైకోర్ అనే స్వచ్ఛంద సాయుధ దళాలలో చేరారు. రోహ్మ్ కూడా అటువంటి దళంలో చేరి మ్యూనిక్‌లోని కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని అణచివేయడంలో పాల్గొన్నాడు. తరువాత సైన్యంలో కొనసాగుతూనే జాతీయవాద సాయుధ సంఘాలకు రహస్యంగా ఆయుధాలు సమకూర్చాడు.

తుఫాను దళం

1921లో ఏర్పడిన తుఫాను దళం నాజీ సభలకు రక్షణ కల్పించేది, ప్రత్యర్థుల సభలను భగ్నం చేసేది. 1923 నవంబరులో హిట్లర్ మ్యూనిక్‌లో జరిపిన తిరుగుబాటులో రోహ్మ్ తన అనుచరులతో యుద్ధశాఖ కార్యాలయాన్ని ఆక్రమించాడు. తిరుగుబాటు విఫలమైంది. 1925లో హిట్లర్‌తో విభేదించి రాజీనామా చేశాడు. 1928లో బొలీవియా వెళ్ళి, అక్కడి సైన్యానికి సలహాదారుగా పనిచేశాడు.

హిట్లర్ పిలుపుపై తిరిగివచ్చి 1931 జనవరిలో దళాధిపతి అయ్యాడు. అప్పటికి లక్షలోపు ఉన్న దళం 1932 ఆగస్టు నాటికి నాలుగు లక్షలు దాటింది. ఆర్థిక మాంద్యంలో పనిలేని యువకులకు భోజనం, వసతి, గోధుమరంగు చొక్కాతో పాటు ఒక గుర్తింపు లభించడం ఇందుకు ఒక కారణం. 1932 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ దళాన్ని నిషేధించింది. జూన్‌లో పాపెన్ ప్రభుత్వం నిషేధాన్ని తొలగించడంతో వీధి పోరాటాలు పెరిగాయి. జూలై 17న ఆల్టోనాలో దళం ఊరేగింపు సందర్భంగా జరిగిన ఘర్షణలు, పోలీసు కాల్పులలో 18 మంది మరణించారు. ఆ నెలాఖరు ఎన్నికలలో నాజీలు 37 శాతం ఓట్లతో అతిపెద్ద పార్టీగా నిలిచారు. వీధులలో అశాంతిని పెంచినదీ, దానిని తామే అణచగలమని చెప్పుకొన్నదీ ఒకే పార్టీ కావడం గమనార్హం.

1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించినది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్. నియామకం చట్టబద్ధమే అయినా, ఆ తరువాత ప్రత్యర్థులను నోరెత్తకుండా చేసినది చాలావరకు ఈ దళమే. ఫిబ్రవరిలో ప్రష్యాలో దళ సభ్యులను సహాయక పోలీసులుగా నియమించారు. దానితో నిన్నటి దాడులు నేటి ప్రభుత్వ చర్యలయ్యాయి. కమ్యూనిస్టులు, సోషల్ డెమోక్రాట్లు, యూదులు అనేకులు నిర్బంధానికీ, చిత్రహింసలకూ గురయ్యారు.

పతనం, మరణం

1934 నాటికి దళంలో దాదాపు 30 లక్షల మంది ఉన్నారు. దీనిని దేశ సైన్యానికి మూలాధారం చేయాలని రోహ్మ్ ఆశించాడు. సైనికాధికారులు వ్యతిరేకించారు. గోరింగ్, హిమ్లర్ కూడా అతనికి వ్యతిరేకంగా పావులు కదిపారు. సైన్యం మద్దతు అవసరమైన హిట్లర్, జూన్ 30న బాడ్ వీసే పట్టణంలో రోహ్మ్‌ను స్వయంగా నిర్బంధించాడు. మరునాడు స్టాడెల్‌హైమ్ జైలులో ఎస్ఎస్ అధికారులు ఐకే, లిప్పర్ట్ అతనిని కాల్చిచంపారు. ఆ రోజులలో కనీసం 85 మంది విచారణ లేకుండా హతులయ్యారు. ఈ హత్యలు న్యాయసమ్మతమేనని జూలై 3న ప్రభుత్వం చట్టం చేసింది.

తదనంతరం తుఫాను దళం ప్రాబల్యం క్షీణించి, ఎస్ఎస్ స్వతంత్ర సంస్థగా ఎదిగింది. రోహ్మ్ హత్య కేసులో 1957లో మ్యూనిక్ న్యాయస్థానం లిప్పర్ట్‌కు 18 నెలల జైలుశిక్ష విధించింది.