బహుముఖ కళాకారులు శ్రీ అడివి బాపిరాజు గారు

కుంచెను, కలమును సమానంగా పట్టిన తెలుగువారు బహు కొద్దిమంది. వారిలో ముందు చెప్పవలసిన పేరు శ్రీ అడివి బాపిరాజు గారిది. సాహిత్య లోకమంతా ఆయనను ఆప్యాయంగా బాపి బావ అని పిలుచుకొన్నది.

ఆయన 1895 అక్టోబరు 8న భీమవరం ప్రాంతంలో జన్మించారు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో చదివే రోజులలో ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారికి అండగా నిలిచిన గురువు కూడా వారే. బాపిరాజు గారు సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చట్టోపాధ్యాయ గారి వద్ద చిత్రలేఖనం అభ్యసించారు. లా చదివి భీమవరంలో కొంతకాలం ప్లీడరుగా ఉన్నారు. తుదకు ఆ వృత్తి విడిచి, తాను బొమ్మలు నేర్చిన జాతీయ కళాశాలకే ప్రిన్సిపాలుగా వెళ్ళారు.

1934లో ఆయన నవల 'నారాయణరావు', విశ్వనాథ వారి 'వేయిపడగలు'తో కలిసి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పొందింది. 1936లో 'అనసూయ', 'ధ్రువ విజయము', 1940లో 'మీరాబాయి' చలనచిత్రాలకు ఆయన కళాదర్శకులు. ఏ కాలపు కథకు ఆ కాలపు మండపం, ఆసనం, దుస్తులు, నగలు అమర్చడం ఆ పని. తరువాత హైదరాబాదులో 'మీజాన్' పత్రిక సంపాదకులుగా పనిచేశారు.

ఇన్ని పనులు పెట్టుకొనక బొమ్మలకే అంకితమై ఉంటే ఇంకా ఎత్తుకు ఎదిగేవారని కొందరు అనుకోవచ్చు. మేము అలా తలంచము. 'హిమబిందు'లో శాతవాహనుల కాలాన్ని, 'గోన గన్నారెడ్డి'లో కాకతీయుల కాలాన్ని ఆయన కన్నులకు కట్టినట్లు వ్రాశారంటే, ఆ కన్ను చిత్రకారునిది. సినిమా సెట్టును దిద్దినదీ ఆ కన్నే. పనులు అనేకం, మూలం ఒక్కటే.

1952 సెప్టెంబరు 22న, 57వ ఏట ఆయన కన్నుమూశారు.

మన తగరపువలసలో పిల్లవాడు నోటుబుక్కు వెనుక బొమ్మ గీస్తే, పోర్టులోనో ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగం రావాలంటే ఇవి మానమని మందలిస్తాము. ఉద్యోగం కావలసినదే. అయితే పిల్లలకు దక్కిన తలాంతును తల్లిదండ్రులే పాతిపెట్టరాదు. కూల్డ్రే గారు తన విద్యార్థికి ఇచ్చిన ప్రోత్సాహం మన ఇండ్లలోనూ దొరకాలని మేము కోరుతున్నాము.