షూ షాపు నుంచి గోల్ఫ్ గ్రీన్ దాకా: కార్‌స్టన్ సోల్‌హైమ్ కథ



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఆరో తరగతి బాబు తండ్రిగారు మార్కుల సంగతి అయిపోయాక, లేవబోతూ ఒక ప్రశ్న వేశారు. బాబును శని, ఆదివారాల్లో గోల్ఫ్ కోచింగ్‌కు పంపుతున్నారట. ఈ మధ్య ఏ కంపెనీ క్లబ్‌లు బాగా మెరుగుపడ్డాయి, ఏ సెట్ కొంటే మంచిదని అడిగారు. నేను ఇంగ్లిష్ టీచర్ని. గోల్ఫ్‌ను టీవీలో చూడటమే తప్ప క్లబ్ చేత్తో పట్టుకున్నదాకా లేదు. అయినా టీచర్ అన్నాక తెలియదని చెప్పడానికి మనసొప్పదు కదా! వచ్చే నెల చెప్తానని మాటిచ్చి ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

ముందుగా ఆట తెలియనివారి కోసం ఒక మాట. ఇక్కడ క్లబ్ అంటే మనం మెంబర్‌షిప్ తీసుకునే క్లబ్ కాదు, బంతిని కొట్టే కర్ర. దూరంగా కొట్టడానికి డ్రైవర్, మధ్య దూరాలకు ఐరన్, గుంట దగ్గరికి వచ్చాక బంతిని నెమ్మదిగా దొర్లించడానికి పట్టర్ వాడతారు.

కంపెనీల ప్రకటనలు చూస్తే అందరూ ఒకే విషయం గురించి పోటీ పడుతున్నారు. 2024లో పింగ్ వారు జీ430 మ్యాక్స్ 10కె అనే డ్రైవర్, టేలర్‌మేడ్ వారు క్యూఐ10 మ్యాక్స్ అనే డ్రైవర్ తెచ్చారు. రెండింటి గొప్పా పదివేలు అనే అంకెలోనే ఉంది. అది ఇంటర్ ఫిజిక్స్‌లో మీరు చదివి మర్చిపోయిన జడత్వ భ్రామకం లెక్క. బంతి సరిగ్గా మధ్యలో తగలకపోయినా కర్ర తల చేతిలో గిర్రున తిరిగిపోకుండా ఎంత గట్టిగా నిలబడుతుందో ఆ అంకె చెబుతుంది. అంకె పెద్దదైతే తప్పు కొట్టినా బంతి మరీ పక్కకు పోదు. అసలు ఈ ఆలోచనను గోల్ఫ్‌లో ఇంత దూరం తీసుకొచ్చింది ఎవరని వెతికితే, ఒక చెప్పుల షాపు దగ్గర ఆగాను. ఆ మనిషి కథే ఈ నెల మీకు చెబుతున్నాను.

కార్‌స్టన్ సోల్‌హైమ్ 1911 సెప్టెంబర్ 15న నార్వేలోని బెర్గెన్‌లో పుట్టారు. తండ్రి బూట్లు కుట్టే పనివారు. పిల్లవాడికి ఊహ తెలిసే లోపే కుటుంబం అమెరికాలోని సియాటిల్‌కు వలస వెళ్లింది. అక్కడా అదే వృత్తి. సోల్‌హైమ్ హైస్కూల్ పూర్తి చేసి, ఇంజినీరు కావాలని వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరారు. అవి అమెరికాను ఆర్థిక మాంద్యం కుదిపేస్తున్న రోజులు. ఫీజుకు డబ్బు లేక చదువు మధ్యలో ఆపేసి, మళ్లీ బూట్ల దగ్గరే కూర్చున్నారు. 1936లో లూయీస్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. ఈ పేరు గుర్తుంచుకోండి, ఆవిడ కథలోకి మళ్లీ వస్తారు. బూట్లతో ఇల్లు గడవక కొన్నాళ్లు వంటపాత్రలు కూడా అమ్మారు.

రెండో ప్రపంచ యుద్ధం ఆయనకు తలుపు తెరిచింది. విమానాల కంపెనీలకు ఇంజినీర్లు కావాల్సి వచ్చారు. సోల్‌హైమ్ యూనివర్సిటీ వారు బయటివారికి నడిపే కోర్సుల్లో ఇంజినీరింగ్ నేర్చుకుని, శాన్ డియాగోలోని రయాన్ విమానాల కంపెనీలో చేరారు. తర్వాత కాన్వేర్‌లో, 1953 నుంచి జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేశారు. డిగ్రీ పూర్తి కాకుండానే పెద్ద పెద్ద ఇంజినీర్ల పక్కన కూర్చునే స్థాయికి వచ్చారు. డిగ్రీ అక్కర్లేదని పిల్లలకు చెప్పడానికి ఇది ఉదాహరణ కాదండోయ్. ఆయన చదువు మానలేదు, కాలేజీ మానాల్సి వచ్చింది, అంతే.

జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతి ముందు జీవితానికి బీజం వేసింది. చిన్న టీవీల మీద కుందేలు చెవుల్లా రెండు పుల్లలుండే యాంటెన్నా మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. అలాంటి యాంటెన్నా ఒకటి సోల్‌హైమ్ తయారు చేస్తే, కంపెనీ దాన్ని తయారీకి తీసుకోలేదు. వేరే కంపెనీ తయారు చేసి లక్షల్లో అమ్ముకుంది. ఆయనకు దక్కింది పెద్దగా ఏమీ లేదు. ఇంకోసారి మంచి ఆలోచన వస్తే తానే తయారు చేయాలని ఆయన అప్పుడే అనుకున్నారు.

ఆ ఆలోచన గోల్ఫ్ రూపంలో వచ్చింది. ఆఫీసు మిత్రులకు ఆటలో నాలుగో మనిషి కావాల్సి వచ్చి పిలిస్తే వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 42. మిగతా ఆట ఎలాగోలా ఆడగలిగారు గానీ, గుంట దగ్గరికి వచ్చేసరికి బంతి అస్సలు మాట వినేది కాదు. అందరూ చెప్పే సలహా ఒక్కటే, ఇంకా ప్రాక్టీస్ చేయమని. కానీ ఇంజినీరు కదా, ఆయన చేతుల్ని కాక కర్రను అనుమానించారు. అప్పటి పట్టర్లు సన్నటి బ్లేడులా ఉండేవి, పిడి ఒక కొసన అతికి ఉండేది. బంతి మధ్యలో తగలకపోతే చాలు, తల మెలి తిరిగేది. బరువంతా మధ్యలో కుప్పగా ఉండటం వల్లే ఇలా అవుతోందని, దాన్ని రెండు కొసలకు సర్దితే తల నిలబడుతుందని ఆయనకు తోచింది. రెండు చక్కెర ముక్కలు, ఐస్ పుల్లలు అతికించి నమూనా చేసి చూసుకున్నారు. మన పిల్లల ప్రాజెక్ట్ వర్క్ లాంటిదే!

ఇక్కడ నా క్లాసు సంగతి ఒకటి చెప్పుకోవాలి. రెండేళ్ల క్రితం మూడో తరగతిలో ఒక పాప పేపర్ కటింగ్‌లో గీత మీద కత్తిరించలేకపోయేది. ఆమె డైరీలో నేను మూడుసార్లు కేర్‌లెస్ అని రాశాను. పాప ఎడమచేతి వాటం. క్లాసులో కత్తెరలన్నీ కుడిచేతివి. ఎడమచేతికి వేరే కత్తెరలు దొరుకుతాయని నాకు తోచనే లేదు. వాళ్ల అమ్మమ్మగారు ఎక్కడో వెతికి ఒకటి కొనిచ్చారు, అంతే, మర్నాటి నుంచి గీత తప్పలేదు. ఆ డైరీ పేజీలు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటాయి. సోల్‌హైమ్ కథ చదువుతున్నప్పుడు మరీ గుర్తొచ్చాయి.

1959లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో, ఇంటి గ్యారేజీలో మొదటి పట్టర్ తయారైంది. బంతి తగలగానే దాన్నుంచి ట్యూనింగ్ ఫోర్క్ లాగా పింగ్‌మని శబ్దం వచ్చేది. ఆ శబ్దమే పేరైంది. పగలంతా ఉద్యోగం, రాత్రి గ్యారేజీలో పని. పిల్లలు సాయం పట్టేవారు, లెక్కలూ ఉత్తరాలూ లూయీస్ చూసుకునేవారు. సెలవు దొరికితే టోర్నమెంట్ల దగ్గరికి వెళ్లి, ప్రాక్టీస్ చేస్తున్న ఆటగాళ్ల చేతికి ఆ వింత కర్రను అందించేవారు. చూడటానికి అందంగా లేదని నవ్వినవాళ్లే ఎక్కువ. 1962లో జాన్ బార్నమ్ అనే ఆటగాడు ఆ పట్టర్‌తో ఒక టోర్నమెంట్ గెలిచాడు. అప్పటికి సోల్‌హైమ్ కుటుంబం ఉద్యోగరీత్యా అరిజోనాలోని ఫీనిక్స్‌కు మారింది.

1966లో ఒకరోజు మరో ఆలోచన తట్టగానే, చేతికి కాగితం దొరక్క గ్రామఫోన్ రికార్డు కవరు మీదే బొమ్మ గీశారు. దానికి ఏం పేరు పెట్టాలని లూయీస్‌ను అడిగారు. జవాబు అనే అర్థం వచ్చే ఆన్సర్ పేరు ఆవిడ సూచించారు. కానీ ఇంగ్లిష్‌లో ఆరు అక్షరాలు పట్టర్ మీద పట్టలేదు. అయితే డబ్ల్యూ తీసేయమన్నారు, పలకడంలో తేడా ఏమీ రాదని. ఇంగ్లిష్ టీచర్‌గా నేను ఎర్ర పెన్నుతో దిద్దాల్సిన స్పెల్లింగే, కానీ ఈ ఒక్కదానికి మార్కు వేసేస్తాను. తర్వాతి ఏడాది జూలియస్ బోరోస్ ఆన్సర్‌తో ఫీనిక్స్ ఓపెన్ గెలిచారు. ఆర్డర్లు ముంచెత్తాయి. 1967లో సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగం వదిలేశారు. యాభై అయిదు దాటిన వయసు! మనలో చాలామంది రిటైర్మెంట్ డబ్బులు లెక్కపెట్టుకునే వయసులో, నెల జీతం వదులుకుని సొంత ఫ్యాక్టరీ పెట్టారు. 1969లో జార్జ్ ఆర్చర్ అదే పట్టర్‌తో మాస్టర్స్ గెలిచారు. పేటెంట్ గడువు తీరాక ఆ ఆకారాన్ని అనుసరించని కంపెనీ దాదాపు లేదు. టైగర్ వుడ్స్ ఎక్కువగా వాడిన స్కాటీ క్యామెరన్ పట్టర్ కూడా ఆ పోలికలోనిదే.

పట్టర్‌తో ఆగలేదు. అదే సూత్రాన్ని ఐరన్లకు పెట్టారు. అప్పటిదాకా మంచి ఐరన్ అంటే సుత్తితో సాగగొట్టిన ఉక్కు ముక్క. సోల్‌హైమ్ తల వెనుక భాగాన్ని గుల్ల చేసి, బరువును అంచుల చుట్టూ పేర్చారు. అంత మెలికల ఆకారం సాగగొడితే రాదు కాబట్టి, మైనం అచ్చు కరిగించి లోహం పోసే పద్ధతిలో తయారు చేయించారు. మన ఆదిలాబాద్ జిల్లా ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు చేసే మూల సూత్రమూ ఇదే, మైనం పోయిన చోటికి లోహం వస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం రంగు చుక్కల పద్ధతి. మనిషి ఎత్తు, మణికట్టు నుంచి నేల దాకా ఉన్న దూరం కొలిచి, దాని ప్రకారం కర్ర తల ఎంత కోణంలో ఉండాలో నిర్ణయించి, ఒక్కో కోణానికి ఒక్కో రంగు చుక్క పెట్టారు. మామూలు కొలతకు నల్ల చుక్క. అప్పటిదాకా సాధారణ ఆటగాడు షాపులో ఉన్న సెట్ కొనుక్కుని దానికి తన ఒళ్లు వంచుకునేవాడు. బూట్లు కుట్టిన మనిషికే ఈ ఆలోచన వచ్చి ఉంటుందని నా నమ్మకం. పాదం కొలవకుండా బూటు కుట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు కదా.

1982లో వచ్చిన ఐ2 ఐరన్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. గొడవ కూడా వాటితోనే వచ్చింది. ఐరన్ ముఖం మీద బంతికి పట్టు దొరకడానికి సన్నటి గాడులుంటాయి. చతురస్రపు గాడుల అంచులు బంతుల్ని చెక్కేస్తున్నాయని సోల్‌హైమ్ వాటి అంచుల్ని కొద్దిగా గుండ్రం చేశారు. దాంతో కొలిచే తీరును బట్టి గాడుల మధ్య ఖాళీ నిబంధన కన్నా తక్కువైందని అమెరికా గోల్ఫ్ సంఘం 1987లో తేల్చింది. తేడా వెంట్రుకవాసి. కానీ ఒప్పుకుంటే అప్పటికే అమ్మిన కర్రలన్నీ చెల్లనివవుతాయి, వాటిని నమ్మి కొన్నవాళ్లు మోసపోయినట్టవుతుంది. డెబ్బై దాటిన సోల్‌హైమ్ 1989లో కోర్టుకెక్కారు. 10 కోట్ల డాలర్ల దావా! 1990లో సంఘంతో రాజీ కుదిరింది. పాత కర్రలు చెల్లుతాయి, కొత్తవాటిలో గాడులు మారుస్తామని పింగ్ ఒప్పుకుంది. ప్రొఫెషనల్ ఆటగాళ్ల పీజీఏ టూర్‌తో తగాదా 1993 దాకా సాగింది. ఆయన మొండితనం గురించి రెండు అభిప్రాయాలున్నాయి. ఆటకు నియమాలు పెట్టేవారిని కోర్టుకు లాగడం నాకూ పూర్తిగా మింగుడుపడదు. అయినా కొన్నవాళ్ల పక్షాన నిలబడ్డారన్నది కాదనలేం. తమాషా ఏమిటంటే, 2010లో గాడుల నిబంధన కఠినం చేశాక, ఆ రాజీ పుణ్యమా అని ఫిల్ మికెల్సన్ పాత ఐ2 వెడ్జ్‌తో దర్జాగా ఆడారు. పెద్ద రభసే అయింది. చివరికి సోల్‌హైమ్ కొడుకు జాన్ ఆ హక్కును వదులుకోవడానికి ఒప్పుకున్నారు.

గొడవలు నడుస్తున్న 1990లోనే ఆయన కుటుంబం అండతో మహిళల సోల్‌హైమ్ కప్ మొదలైంది. అమెరికా, యూరప్ జట్ల మధ్య ఇప్పటికీ జరుగుతోంది. 1995లో కంపెనీ పగ్గాలు, చిన్నప్పుడు గ్యారేజీలో సాయం చేసిన జాన్ చేతికి వచ్చాయి. పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడుతూ 2000 ఫిబ్రవరి 16న సోల్‌హైమ్ కన్నుమూశారు. మరుసటి ఏడాది వరల్డ్ గోల్ఫ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు. తమ పట్టర్‌తో పెద్ద టోర్నమెంట్ గెలిచినవారి కోసం ఆ కంపెనీ బంగారు పూత పూసిన రెండు పట్టర్లు చేస్తుంది. ఒకటి గెలిచినవారికి, రెండోది ఫీనిక్స్‌లోని ఖజానా గదికి.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. 1979లో మొదలైన టేలర్‌మేడ్ లోహపు డ్రైవర్లతో, 1991లో క్యాలవే బిగ్ బెర్తాతో ఇదే దారిలో తమ వంతు ముందుకు వెళ్లాయి. నేడు పెద్ద కంపెనీలన్నీ బరువును అంచులకు జరిపే పనిలోనే ఉన్నాయి. ఎవరు ఎక్కువ మెరుగుపడ్డారంటే, ఒకరికొకరు వెంట్రుకవాసి దూరంలో ఉన్నారు. అందుకే సార్, కంపెనీ పేరు తర్వాత చూద్దాం. బాబును బూట్లు వేయించి నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడదీయమని, మణికట్టు నుంచి నేల దాకా టేపుతో కొలవండి. ఎత్తు కూడా రాసుకోండి. ఆ రెండు అంకెలూ తీసుకుని షాపుకు వెళ్లండి. ఈ వయసులో పిల్లలు తొందరగా ఎదుగుతారు కాబట్టి, వచ్చే ఏడాది మళ్లీ టేపు తీయాల్సి వస్తుంది.